కిల్స్‌లో మేమే ముందు, క్యాప్చర్లలో చిత్తు. తప్పెక్కడ?

#1 నీలిజెండా7

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. మా ఐదుగురం క్వేక్ లైవ్ అనే షూటింగ్ గేమ్‌లో సీటీఎఫ్ (క్యాప్చర్ ద ఫ్లాగ్) ఆడతాం, అంటే వాళ్ళ బేస్‌లోని జెండా ఎత్తుకొచ్చి మన బేస్‌కి చేరిస్తే ఒక క్యాప్చర్. రెండు బేస్‌లు ఎదురెదురుగా, మధ్యలో మిడ్, పక్కల నుంచి సందులు ఉండే మామూలు మ్యాప్‌లే. నిన్న రాత్రి ఒకే టీమ్‌తో మూడు మ్యాచ్‌లు ఆడాం, మూడూ పోయాయి. పోతే పోయాయి, స్కోర్‌బోర్డ్ చూస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరి మ్యాచ్‌లో మా కిల్స్ 148, వాళ్ళవి 113. క్యాప్చర్లేమో మావి 1, వాళ్ళవి 5.

నేను ఎటాక్‌లో ఉంటా. ఆ మ్యాచ్‌లో వాళ్ళ జెండా 11 సార్లు పట్టుకున్నా. పదకొండు! ఒక్కటే ఇంటికి చేరింది. మిగతా పదిసార్లూ దారిలోనే పోయా, అందులో సగం వాళ్ళ గుమ్మం కూడా దాటకుండానే. మావాళ్ళు "నీకు రూట్ తెలీదు" అంటారు. నాకేమో వాళ్ళు కవర్ ఇవ్వట్లేదు అనిపిస్తుంది. మాటా మాటా పెరిగి ఒకడు మధ్యలోనే లెఫ్ట్ అయిపోయాడు. తప్పు ఎయిమ్‌లో ఉందా, రూట్‌లో ఉందా, ఇంకెక్కడైనా ఉందా, కాస్త చెప్పండి.

#2 తొలిదెబ్బ

రూటూ లేదు గీటూ లేదు బ్రో. రోజూ గంట ఎయిమ్ ప్రాక్టీస్ చెయ్. వాళ్ళందరినీ లేపేస్తే జెండా దానంతటదే నడిచి వస్తుంది.

#3 పాతకాపు

తొలిదెబ్బా, నీలిజెండా టీమ్ ఇప్పటికే 35 కిల్స్ ముందుందయ్యా. ఇంకా ఎంతమందిని లేపాలి?

నీలిజెండా తమ్ముడూ, 11 గ్రాబ్‌లకి ఒక్క క్యాప్ అంటే నీకు వెళ్ళడం వచ్చు, రావడం రాదు అని అర్థం. వెళ్ళడం రానివాడు మూడు గ్రాబ్‌ల దగ్గరే ఆగిపోతాడు. ఎయిమ్ సంగతి పక్కన పెట్టు. డెమోలు (మ్యాచ్ రికార్డింగ్‌లు) ఉంటే ఒక పని చెయ్. ఏవైనా నాలుగు గ్రాబ్‌లు తీసుకో. నువ్వు జెండా ముట్టుకున్న క్షణంలో ఆపేసి, మిగతా తొమ్మిది మంది ఎక్కడున్నారో రాయి. ఎవరు బాగా ఆడారు, ఎవరు ఆడలేదు అన్నది వద్దు. ఎవరు ఎక్కడ అన్నదొక్కటే.

#4 నీలిజెండా7

అన్నా, చూశా. నా డెమోలో నా కంటికి కనబడినవాళ్ళే ఉంటారు కదా, అందుకని మా డిఫెండర్ డెమో కూడా అడిగి తీసుకుని రెండింటి గడియారాలూ కలిపి చూశా. రాత్రంతా దీనికే సరిపోయింది. ఒకదాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మ్యాచ్ గడియారం 12:04. వాళ్ళ ఎటాకర్లు ఇద్దరు మా జెండా గది బయట ఆర్మర్ దగ్గరికి వచ్చారు. మావాడు రెయిల్‌గన్‌తో ఒకడిని, రాకెట్‌తో ఇంకొకడిని వెంటవెంటనే లేపేశాడు. వాయిస్‌లో "డబుల్! డబుల్!" అని ఒకటే కేకలు. 12:06కి నేను వాళ్ళ జెండా పట్టుకున్నా. నా హెల్త్ 70, ఆర్మర్ దాదాపు అయిపోయింది. గుమ్మం వైపు తిరిగేసరికి, 12:08, ఎదురుగా ఇద్దరు. వాళ్ళ చేతిలో మెషీన్ గన్ తప్ప ఏమీ లేదు. ఒకడికి రాకెట్ తగిలించేలోపు ఇద్దరూ కలిసి నన్ను గీకేశారు. 12:11కి మెట్ల మీద నా కథ ముగిసింది. వాళ్ళలో ఒకడు జెండా మీదుగా తాపీగా నడిచి దాన్ని గూటికి రిటర్న్ చేసేశాడు.

ఆ ఇద్దరి పేర్లూ చూశాక కాసేపు నోట మాట రాలేదు. 12:04కి మావాడు చంపినవాళ్ళే! మిగతా మూడు గ్రాబ్‌లలో రెండింటిది కూడా అచ్చం ఇదే కథ.

#5 పాతకాపు

దొరికింది కదా.

జెండాల్లేకుండా ఉత్త కిల్స్ కోసం ఆడే డెత్‌మ్యాచ్‌లో చావు అంటే నష్టం, అంతే. సీటీఎఫ్‌లో చావు ఒక రవాణా సౌకర్యం. చచ్చినవాడు రెండు సెకన్లలో సొంత బేస్‌లో లేస్తాడు. మీ గది బయట తిరుగుతున్న శత్రువుకి వాడి ఇల్లు పది పన్నెండు సెకన్ల పరుగు. ఆ పరుగు మీ డిఫెండర్ మిగిల్చి పెట్టాడు. అదీ ఎప్పుడు? నువ్వు వాళ్ళింట్లో జెండా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు. టికెట్ కొనిచ్చి, బండెక్కించి మరీ నీ మీదికి పంపాడన్నమాట. పైగా లేచినవాడు 125 హెల్త్‌తో లేస్తాడు. నీ 70 హెల్త్‌కి రెండు మెషీన్ గన్‌లు చాలు, ఎయిమ్ కూడా పెద్దగా అక్కర్లేదు.

నేను వేసుకునే లెక్క చెప్తా. ఒకడిని చంపితే, వాడు తన బేస్ నుంచి ఎంత దూరం నడిచొచ్చాడో అంత నడకా వాడికి దండగ. మామూలప్పుడు ఇది మనకి లాభం. మన క్యారియర్ (జెండా మోసేవాడు) మిడ్ దాటి ఇంటి ముఖం పట్టాడంటే రెట్టింపు లాభం, అప్పుడు మన బేస్‌లో ఒక్కడిని కూడా మిగలనివ్వకూడదు. మన క్యారియర్ ఇంకా వాళ్ళ గదిలోనే ఉంటే మాత్రం అదే కిల్ మన కొంప ముంచుతుంది. మీ 148లో ఇలాంటివి ఎన్నో ఒకసారి లెక్కపెట్టు, సరదాగా ఉంటుంది. మీకు కాదులే, చూసేవాళ్ళకి.

#6 వెన్నెలస్నైపర్

ఆగండాగండి. నేను ఏళ్ళ తరబడి డిఫెన్స్ ఆడుతున్నా. మీరు చెప్పేది వింటుంటే నా గదిలోకి వచ్చినవాడికి దండేసి కూర్చోబెట్టమన్నట్టుంది. వాడు జెండా ఎత్తుకుపోయాడనుకోండి, ఐదుగురూ తిట్టేది నన్నే. వాళ్ళ గదిలో క్యారియర్ చచ్చిపోతే ఎవరూ డిఫెండర్‌ని ఏమీ అనరు. నేను మాత్రం చంపకుండా వదలను.

#7 పాతకాపు

వెన్నెల గారూ, చంపొద్దు అనట్లేదు. జెండాకి చెయ్యి చాచేంత దగ్గరికి వచ్చినవాడిని చంపాల్సిందే, అందులో రెండో మాట లేదు. నేను చెప్పేది గది బయట ఆర్మర్ దగ్గర తచ్చాడేవాడి గురించి. మన క్యారియర్ "తీస్తున్నా" అన్న దగ్గర్నుంచి ఒక ఐదారు సెకన్లు వాడిని బతకనివ్వండి. గుమ్మానికి అడ్డంగా ఉండండి, కాళ్ళ దగ్గర రాకెట్ పేల్చి వెనక్కి తోయండి. ఆ ఐదారు సెకన్లు వాడు మన ఇంట్లోనే ఉన్నాడంటే వాళ్ళింట్లో లేనట్టే కదా.

#8 వెన్నెలస్నైపర్

ఇది వేరే మాట. ముందే ఇలా చెప్పొచ్చుగా.

నిజం చెప్పాలంటే నాకూ ఒకటి గుర్తొచ్చింది. 20 హెల్త్‌తో బతికి బట్టకట్టిన ఎటాకర్ అంత పనికిమాలినవాడు ఇంకొకడు ఉండడు. లోపలికి రావడానికి భయం, చావడానికి మనసొప్పదు, హెల్త్ కోసం మన బేస్ మూలమూలలా వెతుక్కుంటూ తిరుగుతాడు. వాడిని చంపితే 125తో కొత్తగా వస్తాడు. అలా వదిలేస్తే అర నిమిషం వాళ్ళు నలుగురితోనే ఆడుతున్నట్టు. కాకపోతే ఇది మామూలు ఆటగాళ్ళ దగ్గరే పనిచేస్తుంది. తెలివైనవాడు కన్సోల్‌లో కిల్ కమాండ్ కొట్టుకుని తనే ఇంటికి పోతాడు. మంచి టీమ్‌లలో చాలామంది దాన్ని ఒక బటన్‌కి బైండ్ చేసి పెట్టుకుంటారు.

#9 కొత్తచేప

అదేంటి, తనని తానే చంపుకోవడమా? అది చీటింగ్ కాదా అక్కా?

#10 వెన్నెలస్నైపర్

ఆటలోనే ఉన్న కమాండ్ అది, చీటింగ్ ఎలా అవుతుంది? స్కోర్‌లో ఒక ఫ్రాగ్ (కిల్ పాయింట్) తగ్గుతుంది, అంతే. వాళ్ళ జెండా గదిలో తుపాకీ గుండ్లు అయిపోయి నిలబడ్డావు, అదే సమయానికి మన జెండా పోయింది. వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కిల్ కొట్టుకుంటే రెండు సెకన్లలో ఇంట్లో ఉంటావు. దీన్ని శిక్షించే ఆటలూ ఉన్నాయి, లేవడం ఆలస్యం చేస్తాయి. మీ సర్వర్‌లో ఎలా ఉందో ముందు చూసుకో.

#11 గ్రాపుల్‌హుక్

ఈ చర్చ చూస్తే పాత రోజులు గుర్తొస్తున్నాయి. 1996లో డేవ్ కిర్ష్ క్వేక్‌కి త్రీవేవ్ సీటీఎఫ్ అనే మాడ్ (ఆటని మార్చే అదనపు ప్రోగ్రామ్) చేశాడు. అందులో అందరి చేతిలోనూ హుక్ ఉండేది, గోడకి విసిరి వేలాడుతూ పోవచ్చు. ప్రత్యేక శక్తులిచ్చే నాలుగు రూన్లు ఉండేవి, ఒకరికి ఒకటే. ఏ రూన్ ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద టీమ్‌లలో జరిగిన గొడవలు రాస్తే రామాయణం.

నీలిజెండా సమస్యకి నా దృష్టిలో అసలు మందు 1998 నాటి స్టార్‌సీజ్ ట్రైబ్స్‌లో ఉంది. పెద్ద పెద్ద గుట్టలు, వీపున జెట్‌ప్యాక్. వాలు మీద జంప్ నొక్కుతూ పోతే రాపిడి తగలకుండా జారిపోవచ్చని ఆటగాళ్ళు కనిపెట్టారు. చేసినవాళ్ళు అనుకుని పెట్టింది కాదది. తర్వాతి ట్రైబ్స్ ఆటల్లో అదే ఆటకి ప్రాణం అయింది. దాంతో జెండా తీసే పద్ధతే మారిపోయింది. క్యాపర్ ఎదురుగా వెళ్ళడు. వాళ్ళ బేస్ వెనక్కి చుట్టు తిరిగి, గుట్ట మీద నుంచి జారుతూ వేగం పుంజుకుని, జెండా మీదుగా దూసుకుపోతాడు. ముట్టుకునే సమయానికే వాడి ముఖం మన ఇంటి వైపు ఉంటుంది. ఆగడం, తిరగడం ఏమీ ఉండదు.

వేగం లేకుండా, దారి చూసుకోకుండా, జెండా కనబడింది కదా అని పట్టేసుకుని రెండడుగుల్లో చచ్చేదాన్ని అక్కడ "లామా గ్రాబ్" అంటారు. తిట్టు కిందే లెక్క. ఎందుకంటే దాని వల్ల జెండా తిరిగి గూటికి చేరిపోతుంది, వెనక సరైన రూట్‌లో దూసుకొస్తున్న అసలు క్యాపర్‌కి చేతికందాల్సింది జారిపోతుంది, వాళ్ళ డిఫెన్స్ అంతా మేలుకుంటుంది. తమ్ముడూ, ఏమీ అనుకోకు, నీ పదకొండులో ఐదారు లామా గ్రాబ్‌లే.

#12 నీలిజెండా7

అనుకోనులే అన్నా. ఐదారు కాదు, ఏడు.

#13 టవర్‌మీదోడు

అన్‌రియల్ టోర్నమెంట్ నుంచి ఒక ముక్క కలుపుతా. 1999 ఆట. ఫేసింగ్ వరల్డ్స్ మ్యాప్ తెలియనివాళ్ళు ఉండరనుకుంటా. శూన్యంలో తేలే రాతి ముక్క, రెండు చివర్లా రెండు టవర్లు, మధ్యలో దాక్కోవడానికి ఏమీ లేని దారి. అక్కడ ట్రాన్స్‌లొకేటర్ అని ఒకటుంటుంది, విసిరిన చోటికి మాయమై తేలుతావు. జెండా చేతిలో ఉండగా వాడితే మాత్రం జెండా కింద పడిపోతుంది.

అంటే ఏమైంది? క్యారియర్ ఒక్కడే కాళ్ళ మీద నడవాలి, తరిమేవాళ్ళందరూ గంతులేస్తూ వస్తారు. మైదానంలో అందరికంటే నెమ్మదైనవాడు జెండా పట్టుకున్నవాడే! అందుకే అక్కడ ఎస్కార్ట్ (క్యారియర్‌కి కాపలాగా వచ్చేవాడు) ముందు పరుగెత్తడు, వెనక ఉంటాడు. ముందున్నవాళ్ళని క్యారియర్ కళ్ళతో చూస్తాడు, వెనకనుంచి వచ్చేవాడు కనబడడు. క్వేక్‌లో కూడా నేను చూసిన ఎస్కార్ట్‌లలో నూటికి తొంభై మంది క్యారియర్ ముందు హీరోలా పరుగెత్తి, వాడు వెనక ఎప్పుడో చచ్చిపోయాడని ఇంటికొచ్చాక తెలుసుకుంటారు.

#14 తొలిదెబ్బ

తాతల కాలం ఆటల కథలు చెప్పుకుంటూ పోతున్నారు. ఇప్పుడెవరు ఆడుతున్నారు అవి?

#15 వేదిక నిర్వాహకుడు

ఈ చర్చ పెట్టింది క్వేక్ లైవ్ ఆడేవాళ్ళే. విషయం మీద రాయండి, లేకపోతే ఊరుకోండి.

#16 కొత్తచేప

నేను ఆడేది టీమ్ ఫోర్ట్రెస్ 2. టూఫోర్ట్ మ్యాప్‌లో పాతకాపు గారి లెక్క పనిచేస్తుందా? మేము బ్రీఫ్‌కేస్ (మాకు జెండా బదులు అదే) తీసుకుని మెట్లెక్కేలోపే పోతున్నాం.

#17 బ్రీఫ్‌కేస్‌బాబాయ్

నన్ను పిలిచినట్టే ఉంది.

పనిచేస్తుంది, సగమే. రూల్స్ వేరు బాబూ. క్వేక్‌లో కింద పడ్డ సొంత జెండాని ముట్టుకుంటే చాలు, ఇంటికి పోతుంది. టూఫోర్ట్‌లో ముట్టుకుంటే ఏమీ కాదు. 60 సెకన్లు అలా పడి ఉంటేనే వెనక్కి పోతుంది. కాబట్టి నువ్వు చచ్చినా పని చెడిపోనట్టే. నీ వెనక ఇంకొకడు ఆ 60 సెకన్లలోపు వచ్చి అందుకుంటే, వాడు పడ్డ చోట నుంచి మళ్ళీ 60. ఒక్కడే ఇంటిదాకా తీసుకెళ్ళాలన్న పంతం మానేసి మెట్టు మెట్టుగా ముందుకి జరపండి. ముందు మురుగు కాలవ దాకా, తర్వాత నీళ్ళ దాకా, ఆ తర్వాత మన గుమ్మం దాకా.

ఇంకో పెద్ద తేడా. మన బ్రీఫ్‌కేస్ వాళ్ళ చేతిలో ఉన్నా మనం క్యాప్ చెయ్యొచ్చు. క్వేక్‌లో మన జెండా ఇంట్లో ఉంటేనే క్యాప్. ఈ ఒక్క రూల్‌తో ఆట స్వభావమే మారిపోతుంది. మాకు స్టాండాఫ్ అనే జబ్బు లేదు, ఎవరు ముందు చేరితే వాళ్ళదే.

మెడిక్ ఇచ్చే ఊబర్‌తో, అంటే కాసేపు దెబ్బే తగలని శక్తితో, క్యారియర్‌ని కాపాడదామని మాత్రం ఆశ పెట్టుకోకండి, బ్రీఫ్‌కేస్ ఉన్నవాడికి ఊబర్ పనిచెయ్యదు. స్పై అయితే వేషం ఊడిపోతుంది. ఊబర్‌ని సెంట్రీలు (వాటంతటవే కాల్చే తుపాకులు) పగలగొట్టడానికి వాడి, వెనకొచ్చే స్కౌట్‌తో తీయించండి.

#18 నీలిజెండా7

బాబాయ్ స్టాండాఫ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా మ్యాచ్‌లు పోయేది చాలావరకు అక్కడే. వాళ్ళ జెండా మా దగ్గర, మా జెండా వాళ్ళ దగ్గర. ఇద్దరికీ క్యాప్ లేదు. అప్పుడు మావాళ్ళందరూ ఒక్కసారిగా వాళ్ళ క్యారియర్ మీదికి పరుగెడతారు, నేను జెండాతో ఒంటరిగా మిగులుతా. మరి నేనేం చెయ్యాలి, దాక్కోవాలా, తిరుగుతూ ఉండాలా?

#19 చెట్టురూపం

నాది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, అందులో వార్‌సాంగ్ గల్చ్. స్టాండాఫ్‌లో పుట్టి పెరిగినవాళ్ళం మేము. పది మందీ పది మందీ, మూడు క్యాప్‌లు చేస్తే గెలుపు, క్యాప్‌కి సొంత జెండా ఇంట్లో ఉండాలి. 2005లో వచ్చిన కొత్తల్లో టైమ్ లిమిట్ అనేదే లేదు. ఇద్దరు క్యారియర్లూ తమ బేస్ లోపలి గదిలో వైద్యం చేసేవాళ్ళని చుట్టూ పెట్టుకుని కూర్చుంటే ఆట గంటల తరబడి సాగేది. చివరికి ఆటవాళ్ళే మార్చారు. ఇప్పుడు జెండా ఎక్కువసేపు పట్టుకుంటే క్యారియర్‌కి తగిలే దెబ్బ పెరుగుతూ పోతుంది.

అక్కడ నేర్చుకున్నది చెప్తా. స్టాండాఫ్‌లో "ఎక్కువమంది ఎటు పోవాలి" అని అడుగుతారు. తక్కువమందితో ఎవరు బతకగలరు అన్నది చూడాలి. మా క్యారియర్ డ్రూయిడ్ (రూపాలు మార్చే పాత్ర), ఒక్క హీలర్‌తో ఎనిమిది మందికి సరిపడా పని పెట్టేవాడు. గది చుట్టూ తిప్పడం, పైకెక్కడం, కిందికి దూకడం. వాళ్ళు ఆరుగురు మా బేస్‌లో చిక్కుకుంటే, వాళ్ళ క్యారియర్ దగ్గర నలుగురే. మేము ఎనిమిది మందిమి వెళ్ళేవాళ్ళం. ఎవరి క్యారియర్ తక్కువ కాపలాతో నిలబడితే వాళ్ళదే స్టాండాఫ్. ఇంకో మాట, మాకు చచ్చినవాళ్ళు గుంపుగా, 30 సెకన్లకోసారి లేస్తారు, ఆ గుంపునే అల అంటాం. అల అప్పుడే వెళ్ళిపోయాక చంపితే దాదాపు 30 సెకన్లు వాడు లేనట్టే. పాతకాపు గారు చెప్పిన టికెట్ లెక్క మా దగ్గర ఈ అలని బట్టి మారుతుంది.

#20 పాతకాపు

బాగా చెప్పారు. క్వేక్‌లో హీలర్ లేడు కాబట్టి ఆ పని ఆర్మర్, మెగా హెల్త్ చెయ్యాలి. క్వేక్ 3లో ఆర్మర్ తీసిన 25 సెకన్లకి, మెగా 35 సెకన్లకి మళ్ళీ వస్తాయి. స్టాండాఫ్‌లో క్యారియర్ ఆ రెండింటి మధ్య తిరుగుతూ ఉండాలి, మూల పట్టుకుని కూర్చోకూడదు. మన ఆర్మర్ మనవాళ్ళెవరూ ముట్టుకోకూడదు, క్యారియర్‌కి వదిలెయ్యాలి. ఇది చెప్పడం తేలిక. మెరుస్తూ కనబడే ఆర్మర్‌ని దాటిపోయే ఆటగాడిని నేను ఇంతవరకూ ముగ్గుర్నే చూశా.

#21 వెన్నెలస్నైపర్

నాకు దీంట్లో తేడా ఉంది. తిరుగుతూ ఉన్న క్యారియర్‌ని కాపాడటం డిఫెండర్‌కి నరకం. వాడు ఎటు పోయాడో తెలీదు, నేను ఒక తలుపు చూస్తుంటే వాడు ఇంకో తలుపు దగ్గర పోతాడు. నాకు క్యారియర్ ఒకే చోట ఉండాలి, నాకు రెండు తలుపులే ఉండాలి.

మ్యాప్‌లో క్వాడ్ (తీసుకున్నవాడి దెబ్బ బలం పెంచే వస్తువు) ఉంటే తొందరపడొద్దు. అది రెండు నిమిషాలకోసారి వస్తుంది, 30 సెకన్లు ఉంటుంది. పేరుకి క్వాడ్ గానీ క్వేక్ 3లో దెబ్బ పెరిగేది మూడింతలే, అయినా చాలు. క్వాడ్‌కి ఇంకా 40 సెకన్లు ఉందనగా ముగ్గురు వెళ్ళి వాళ్ళ బేస్‌లో చావడం వల్ల వచ్చేది ఏమీ లేదు. ఆ 40 సెకన్లు అందరూ ఇంట్లో ఉండండి, ఆర్మర్లు నింపుకోండి, క్వాడ్ చేతికొచ్చాక ఒకేసారి వెళ్ళండి. స్టాండాఫ్‌లో ఓడిపోయేది ఎప్పుడూ టెన్షన్ తట్టుకోలేని టీమే.

#22 పాతకాపు

క్యారియర్ కూర్చోవాలా తిరగాలా అన్నది మ్యాప్‌ని బట్టి. మూడు తలుపుల గదిలో కూర్చుంటే అడకత్తెరలో పోకచెక్కే. రెండు తలుపులైతే మీ మాటే. క్వాడ్ విషయంలో నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా.

#23 టవర్‌మీదోడు

ఎవరూ వాయిస్ గురించి మాట్లాడట్లేదు. మా టీమ్‌లో ఒకడున్నాడు, జెండా పోగానే "వాడు అక్కడున్నాడు! అక్కడే! అరే అక్కడ!" అంటాడు. ఆ అక్కడ ఎక్కడో దేవుడికే తెలియాలి. ఇంకొకడు చచ్చిపోయిన ప్రతిసారీ పది సెకన్లు బూతులు. ఆ పది సెకన్లలో జెండా మిడ్ దాటేస్తుంది.

మేము పెట్టుకున్న పద్ధతి: ముందు చోటు, తర్వాత హెల్త్, తర్వాత దిక్కు. "కింది మెట్లు, యాభై, ఎడమకి." నాలుగు మాటలు, ఊపిరి కూడా తీసుకోనక్కర్లేదు. మ్యాప్‌లో ప్రతి మూలకీ ముందే పేరు పెట్టుకోవాలి. మాకు ఒక సందు పేరు "గబ్బిలం", ఎందుకో ఎవరికీ గుర్తులేదు గానీ ఐదుగురికీ అదెక్కడో తెలుసు. అది చాలు.

#24 వెన్నెలస్నైపర్

"తీస్తున్నా" అన్న మాట కూడా అందులో కలపండి. ముట్టుకున్నాక కాదు, ముట్టుకోబోయే మూడు సెకన్ల ముందు. నాకు అది వినబడితేనే కదా గది బయట తిరిగేవాడిని చంపాలా వద్దా తెలిసేది.

#25 గ్రాపుల్‌హుక్

సందర్భం కాకపోయినా ఒకటి. గూగుల్‌కి చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ వాళ్ళు క్వేక్ 3 ఇంజిన్ మీద సీటీఎఫ్ ఆడే ఏఐని తయారు చేశారు, 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. రూల్స్ ఏవీ చెప్పలేదు, తెర మీద బొమ్మ చూస్తూ లక్షల ఆటలు ఆడి నేర్చుకుంది. మనుషులతో ఆడించి చూస్తే గెలుపుల్లో మనుషుల్ని దాటింది. నన్ను ఆకట్టుకున్నది అది కాదు. ఎవరూ నేర్పకుండానే అది మూడు పనులు పట్టుకుంది: సొంత బేస్ కాయడం, తోటివాడి వెంట పోవడం, వాళ్ళ జెండా చోటి దగ్గరే కాచుకుని కూర్చోవడం. మూడోది చూశారా? మనవాడు జెండా తీసుకుపోయాక ఇంకొకడు అక్కడే ఎదురు చూడటం. క్యాప్ అయిన క్షణంలో జెండా మళ్ళీ అక్కడికే వస్తుంది కదా, లేదా మనవాడు చస్తే రిటర్న్ అయి అక్కడికే వస్తుంది. ట్యాగ్‌ప్రో అనే ఇంకో సీటీఎఫ్ గేమ్ ఆడేవాళ్ళు దీన్నే రీగ్రాబ్ అంటారు. పాల్గొన్నవాళ్ళని అడిగితే తోటి మనుషులకంటే ఈ ఏఐలే బాగా సహకరిస్తున్నాయని రేటింగ్ ఇచ్చారట. వాయిస్ లేదు కదా, తిట్టవు మరి.

#26 నీలిజెండా7

పది రోజులయింది. వచ్చి చెప్పకపోతే బాగోదని రాస్తున్నా.

ముందు మా లెఫ్ట్ అయిన వాడిని బతిమాలి తెచ్చుకున్నాం. డెమోలు చూపించాక వాడే "నేను చంపినవాడే నిన్ను చంపాడా" అని తల పట్టుకున్నాడు. అవును, ఆ డబుల్ కిల్ హీరో వాడే. రెండు మార్పులు చేశాం. ఇద్దరం కలిసి వాళ్ళ గదికి చేరితే తప్ప జెండా ముట్టుకోకూడదు, ఒకడు డిఫెండర్ని కెలుకుతుంటే రెండోవాడు తీయాలి. రెండోది, "తీస్తున్నా" అన్న కాల్.

నిన్న అదే టీమ్‌తో మళ్ళీ ఆడాం. నా గ్రాబ్‌లు 5, క్యాప్‌లు 2. టీమ్ మొత్తం మీద 3. వాళ్ళు 4. ఓడిపోయాం. కిల్స్‌లో కూడా వెనకబడ్డాం, తొలిదెబ్బ బ్రో సంతోషించాలి.

ఒక్క సీన్ మాత్రం చెప్పాలి. స్కోర్ 2-3. నేను వాళ్ళ జెండాతో మిడ్‌లో ఉన్నా, హెల్త్ 31. అప్పుడే మా జెండా కూడా పోయింది, వాళ్ళ క్యారియర్ పై వంతెన మీదుగా పోతున్నాడు. నా తోడు ఎటాకర్ ఇంకా వాళ్ళ గదిలోనే ఉన్నాడు, వాడు బయటికొచ్చి క్యారియర్‌కి ఎదురెళ్తాడేమో అనుకున్నా. వాడు వాయిస్‌లో "ఇక్కడే ఉంటా" అన్నాడు, అంతే. వాళ్ళ క్యారియర్ ఇంటికెళ్ళి క్యాప్ చోటు మీద నిలబడ్డాడు, జెండా నా దగ్గర ఉంది కాబట్టి క్యాప్ కాదు. మావాడు వెనక గడప నుంచి ఒక్క రాకెట్. మా జెండా కింద పడింది, వాడే ముట్టుకుని రిటర్న్ చేశాడు. నేను మా గదిలో అడుగు పెట్టడం, అది గూట్లో కనబడటం ఒకేసారి. 3-3. ఇంతవరకూ మా ఐదుగురిలో ఎవరూ అంత గట్టిగా అరవలేదు.

తర్వాత చివరి నిమిషంలో నేనే ఒక లామా గ్రాబ్ చేసి మ్యాచ్ పోగొట్టా. అది వేరే కథ.

#27 పాతకాపు

ఆ చివరి గ్రాబ్ డెమో పెట్టు. అదే ముందు చూద్దాం.

#28 నీలిజెండా7

పెడతా అన్నా, కానీ సౌండ్ ఆపేసి చూడండి.

#29 తొలిదెబ్బ

మీకు సబ్‌స్టిట్యూట్ ఎవరైనా కావాలా? అడుగుతున్నా అంతే.

#30 వెన్నెలస్నైపర్

ఆర్మర్‌ని దాటిపోగలవా?